అక్క మా ప్రాజెక్టుకి వేసిన మార్కులు

మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొదటి వెర్షన్‌లో పేషెంట్ చనిపోడు. మీరు ఏం చేసినా సరే. తప్పు చేస్తే ఎర్ర అక్షరాల్లో 'మళ్ళీ ప్రయత్నించండి' అని వస్తుంది. కరెక్టుగా చేస్తే ఆకుపచ్చ టిక్కు పడి టింగుమని మోగుతుంది. చివర్లో స్కోరు. 100కి 94 వచ్చిందంటే మీరు ఒక మనిషిని బతికించినట్టు. ఆ టింగుమనే సౌండ్ కోసం మేం ముగ్గురం ఒక సాయంత్రమంతా వెతికాం, అంత శ్రద్ధ.

ప్రాజెక్టు ఏంటంటే, కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లకి ఎమర్జెన్సీలో ఏం చెయ్యాలో వీఆర్‌లో ప్రాక్టీసు చేయించడం. ఇదే ఎందుకు ఎంచుకున్నాం అంటే, నిజం చెప్పేస్తాను. మా ల్యాబ్‌లో రెండు హెడ్‌సెట్లు ఏడాదిగా బీరువాలో పడున్నాయి. ఎవరైనా వాటిని బయటికి తీస్తే బాగుండని మా గైడ్ సార్‌కి ఉంది. పైగా టైటిల్లో 'హెల్త్‌కేర్' అన్న మాట ఉంటే మొదటి రివ్యూ సగం గట్టెక్కినట్టేనని సీనియర్లు చెప్పారు. అంతే. మానవసేవ లాంటి ఆలోచనలేమీ లేవు.

పని కూడా సులువుగానే కనిపించింది. గుండె ఆగిపోయిన మనిషికి చెయ్యాల్సినవన్నీ ఒక ఫ్లోచార్ట్‌లా ఉంటాయి. భుజం తట్టి పిలవాలి. పలక్కపోతే సాయం కోసం కేకెయ్యాలి. మెడ దగ్గర నాడి చూడాలి, అదీ 10 సెకన్లకి మించకుండా. నాడి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ కనీసం 5 సెంటీమీటర్ల లోతు. 30 నొక్కులకి 2 శ్వాసలు. రెండేసి నిమిషాలకోసారి మానిటర్ మీద గీత చూడాలి. షాక్ పనిచేసే రకం గీత అయితే షాక్. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్. ఇదంతా చదివితే సీఎస్ఈ వాడికి ఏం గుర్తొస్తుంది? స్టేట్ మెషీన్. యూనిటీలో మూడు వారాల్లో కట్టేశాం. మంచం, మానిటర్, సెలైన్ స్టాండు, ఫ్రీగా దొరికిన ఒక పేషెంట్ బొమ్మ. ఆ బొమ్మ అసలు ఏదో ఆఫీసు గేమ్‌లోది. టై కట్టుకుని ఉండేది. టై తీయడానికి రెండు రోజులు పట్టింది.

సంక్రాంతికి ఇంటికెళ్తూ ల్యాబ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఒక హెడ్‌సెట్ తీసుకెళ్ళాను. మా పెద్దనాన్న కూతురు అప్పటికి హౌస్ సర్జన్ చేస్తోంది, ఒక ప్రభుత్వాసుపత్రిలో. మా ఇంట్లో చదువు అంటే అక్కే. 'అక్కని చూసి నేర్చుకో' అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే నాలో ఒక చిన్న దురుద్దేశం కూడా ఉంది: అక్క చేసే పనిని నేను కోడ్‌లో రాసేశాను చూడు అని చూపించుకోవాలి.

హాల్లో సోఫాలు పక్కకి జరిపి హెడ్‌సెట్ పెట్టాను. పెద్దమ్మ వంటింటి గుమ్మంలోంచి, "అది కళ్ళకి మంచిదేనా నాన్నా" అని రెండుసార్లు అడిగింది. అక్క రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి, చేతులు ఆడించి, ఫక్కున నవ్వింది.

"ఒరేయ్, గీత ఫ్లాట్‌గా ఉంటే షాక్ ఇమ్మంటోందేంట్రా ఇది?"

మన సినిమాల పుణ్యం అది. తెర మీద గీత సాపుగా అవుతుంది, టీ... అని శబ్దం వస్తుంది, డాక్టర్ రెండు పెట్టెల్లాంటివి ఛాతీ మీద ఆనించగానే హీరో తల్లి ఎగిరిపడి కళ్ళు తెరుస్తుంది. నిజానికి గీత పూర్తిగా సాపుగా ఉంటే షాక్ పనికిరాదు. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకులాడుతున్నప్పుడు ఆ గందరగోళాన్ని ఒక్కసారి ఆపి మళ్ళీ మొదలవనివ్వడానికే షాక్. ఆగిపోయినదాన్ని స్టార్ట్ చెయ్యడానికి అదేం బండి కిక్కు కాదు. ఫ్లోచార్ట్‌లో రెండు కొమ్మలున్నాయి, నేను ఒకటి ఇటుదటు కలిపేశాను. ముగ్గురం ఇంజనీర్లం, మూడు వారాలు, ఎవరికీ కనిపించలేదు.

తర్వాత వరసగా వాయించింది. అడ్రినలిన్ బటన్ నొక్కితే చేతిలోకి సిరంజి వచ్చేస్తోంది. అక్కడైతే ట్రేలో ఆంపుల్ వెతకాలి, మెడ విరవాలి, సిరంజిలోకి లాగాలి, ఆ లోపల ఎవరో ఒకరు నరం దొరకబుచ్చుకుని క్యాన్యులా వేసి ఉండాలి. మంచం ఎత్తు మన ఎత్తుకి దానంతటదే సరిపోతోంది. అక్క ఐదడుగులు కూడా ఉండదు. స్టూలు ఎక్కితే తప్ప నొక్కలేదు. గాల్లో చేతులు ఊపితే 5 సెంటీమీటర్లు అయినట్టు చూపిస్తోంది. నిజంగా నొక్కితే రెండు నిమిషాలకే భుజాలు పడిపోతాయి, అందుకే మనిషిని మారుస్తారు. అన్నిటికంటే, "ఇంత నిశ్శబ్దంగా ఉండేది మార్చురీ రా, క్యాజువాలిటీ కాదు" అంది.

నేను ఫోన్‌లో అన్నీ నోట్ చేసుకుంటున్నాను. అవన్నీ బగ్స్, సరిచేసుకోవచ్చు. హెడ్‌సెట్ తీసి నా చేతికిస్తూ అడిగిన చివరి ప్రశ్న మాత్రం నోట్ చేసుకోలేదు.

"నేను ఏమీ చెయ్యకుండా నిలబడితే ఏమవుతుంది ఇందులో?"

"ఏమీ అవదక్కా. వెయిట్ చేస్తుంది. నువ్వు ఏదో ఒకటి చేసేదాకా అదే స్టేట్‌లో ఉంటుంది."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

తను ఇంకేం అనలేదు. భోగి మంట అయిపోయిన రోజు రాత్రి, డాబా మీద, పక్కింటి వాళ్ళ డీజే హోరులో చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఇక్కడ రాయడానికి తన పర్మిషన్ అడిగాను. పేరూ ఊరూ లేకపోతే రాసుకో అంది.

తన మొదటి క్యాజువాలిటీ నైట్. రాత్రి రెండున్నర. పీజీ డాక్టర్ లోపల ఇంకో యాక్సిడెంట్ కేసు దగ్గర ఉన్నారు. ఆటోలో ఒకాయన్ని తెచ్చారు, మా పెద్దనాన్న వయసు ఉంటుంది. ఛాతీ నొప్పి అన్నాడట, దారిలో మాట ఆగిపోయిందట. భార్య, కొడుకు, ఆటో అబ్బాయి, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. స్ట్రెచర్ మీదకి చేర్చారు. "డాక్టరమ్మా చూడండి, డాక్టరమ్మా" అని ఆ భార్య అక్క చెయ్యి పట్టుకుంది.

"నాకు అన్నీ గుర్తున్నాయిరా. ఏ పేజీలో ఉందో కూడా గుర్తుంది. చేతులే లేవలేదు."

నైట్ డ్యూటీ సిస్టర్ కాలితో స్టూలు మంచం పక్కకి తోసి, "మేడమ్, ఎక్కండి" అని గట్టిగా అన్నారట. అప్పుడు ఎక్కింది. తర్వాత అన్నీ చేసింది, పీజీ కూడా వచ్చారు, చాలాసేపు చేశారు. ఆయన బతకలేదు. తెల్లారాక పీజీ టీ తాగుతూ, వచ్చేసరికే ఆలస్యమైపోయింది, ఎవరున్నా అంతే అన్నారట.

"నిజమే అయ్యుండొచ్చు. కానీ నేను నిలబడిపోయింది ఆయన చూళ్ళేదుగా."

"ఎంతసేపక్కా?"

"తెలీదు. పది సెకన్లో, నిమిషమో. గడియారం ఎవరు చూశారు?"

సీపీఆర్ గానీ షాక్ గానీ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతూ పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. మా పీపీటీలో మూడో స్లైడు అదే, బోల్డ్‌లో. ఆ స్లైడు అక్కకి చూపించలేదు.

కాలేజీకి తిరిగొచ్చాక కోడ్ ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ వారం అంతా చదివాను. చదివే కొద్దీ ఇది మనకి కొత్తగా వచ్చిన ఐడియా ఏమీ కాదని అర్థమైంది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో, వాళ్ళ నాన్న నడిపే పియానోలు, ఆర్గన్ల ఫ్యాక్టరీలోని గాలి తిత్తులతో నేల మీదే కదిలే ఒక ఉత్తుత్తి విమానం తయారుచేశాడు. చాలాకాలం దాన్ని సంతల్లో పిల్లల ఆటబొమ్మలాగే చూశారు. 1934లో ఆర్మీ పైలట్లకి టపా మోసే పని అప్పగిస్తే, మబ్బులో దారి తెలీక వరసగా చనిపోయారు. అప్పుడు కొన్నారు ఆ బొమ్మని. వైద్యంలో కూడా బొమ్మతోనే మొదలైంది. నార్వేలో లెర్డాల్ అనే బొమ్మల తయారీదారు 1960లో సీపీఆర్ నేర్పడానికి ఒక ప్లాస్టిక్ మనిషిని చేశాడు, పేరు రెససి ఆన్. సీన్ నదిలో మునిగిపోయిందని చెప్పుకునే ఒక అనామక అమ్మాయి ముఖం అచ్చు దానికి పెట్టాడు. మన దగ్గర స్కిల్ ల్యాబుల్లో వాడే బొమ్మలు ఆ వంశంవే.

వీఆర్ పనిచేస్తుందా అన్నదానికి నాకు బాగా నచ్చిన ఆధారం 2002లో యేల్ వాళ్ళు చేసిన చిన్న ప్రయోగం. 16 మంది సర్జరీ ట్రైనీల్లో సగం మందికి మామూలు ట్రైనింగుతో పాటు వీఆర్ సిమ్యులేటర్ మీద ప్రాక్టీసు ఇచ్చారు. తర్వాత అందరూ నిజం పేషెంట్లకి పిత్తాశయం ఆపరేషన్ చేశారు. వీఆర్ వాళ్ళు 29 శాతం వేగంగా చేశారు. ప్రాక్టీసు లేనివాళ్ళు పిత్తాశయాన్ని గాయపరిచే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. అయితే అది చేతి నైపుణ్యం. అక్కకి లోపించింది అది కాదు. బ్రిటన్‌లో కొత్త డాక్టర్లందరూ ఆగస్టు మొదటి బుధవారం నాడు డ్యూటీలో చేరతారు. ఆ రోజు ఎమర్జెన్సీలో చేరిన పేషెంట్లలో మరణాల అవకాశం అంతకు ముందు బుధవారం చేరినవాళ్ళకంటే 6 శాతం ఎక్కువ ఉందని 2009లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ళందరూ పరీక్షలు పాసైనవాళ్ళే. ఎందుకు ఎక్కువో ఆ అంకె చెప్పదు. కానీ చదవగానే నాకు స్టూలు గుర్తొచ్చింది.

నాకు తట్టింది ఇది. పుస్తకంలో ఉన్నది వీఆర్‌లో మళ్ళీ చూపిస్తే పెద్ద ఉపయోగం లేదు, అక్కకి పేజీ నంబరు కూడా తెలుసు. ఎలాగూ ఒకసారి చేతులు లేవకుండా నిలబడిపోతాం. ఆ మొదటిసారి నిజం మనిషి ముందు కాకుండా ఇందులో నిలబడాలి. అలా నిలబడాలంటే ముందు ఇది మన కోసం వెయిట్ చెయ్యడం మానెయ్యాలి.

స్టేట్ మెషీన్ మొత్తం తీసేసి మళ్ళీ రాశాం. ఇప్పుడు స్ట్రెచర్ లోపలికి రాగానే టైమర్ మొదలవుతుంది, మీరు కదిలినా కదలకపోయినా. ఏం చెయ్యాలో చెప్పే అక్షరాలు లేవు, టిక్కు లేదు. సౌండ్ హాస్టల్లో రికార్డు చేశాం. మెస్ వెనక నిలబడి ఆరుగురం ఒకేసారి అరిచాం. "డాక్టర్ గారూ, చూడండి", "ఏమైంది మా నాన్నకి", "ఎవరూ లేరా ఇక్కడ". మూడో టేక్‌కి వార్డెన్ సార్ పరిగెత్తుకొచ్చారు. ఆయన గొంతు కూడా ఫైల్లో ఉంది, తీసెయ్యలేదు, అచ్చు సెక్యూరిటీ గార్డులాగే ఉంది.

నొక్కడం దగ్గర మాత్రం నానా తిప్పలు పడ్డాం. ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి పెడితే హెడ్‌సెట్ కెమెరాలకి ఏది ఏ చెయ్యో తెలీదు, తెర మీద వేళ్ళు వంకరలు పోతాయి. చివరికి కంట్రోలర్‌ని మణికట్టుకి కట్టేశాం. కింద ఏదో ఒకటి గట్టిగా తగలాలి కదా. మెకానికల్‌లో ఉన్న మా రూమ్మేట్ ఒక షెడ్డులోంచి పాత స్కూటర్ సీటు కింది స్ప్రింగులు పట్టుకొచ్చి రెండు చెక్కపలకల మధ్య బిగించాడు. సుమారు 45 కేజీలు వేస్తే 5 సెంటీమీటర్లు దిగేలా సరిచేసి, పైన దిండు కట్టాడు. నేను రెండు నిమిషాలు చేశాను. మర్నాడు షర్టు వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. అక్క రెండో బగ్ అలా తీరింది. నరం దొరకబుచ్చుకోవడం, ఆంపుల్ విరవడం మాత్రం మా వల్ల కాలేదు. కంట్రోలర్ కంపనం నరం కాదు, అది బొమ్మ చేతి మీదో సిస్టర్ పక్కనుండి చూపిస్తేనో నేర్చుకోవాల్సిందే.

గొడవ వచ్చింది చావు దగ్గర. అన్నీ కరెక్టుగా చేసినా కొన్నిసార్లు పేషెంట్ బతక్కూడదు అని నేను పట్టుబట్టాను. "చాలామంది పోతార్రా, మనం బాగా చేసినా పోతారు" అని అక్క చెప్పింది కాబట్టి. గైడ్ సార్ ఒప్పుకోలేదు. డెమోలో పేషెంట్ చనిపోతే ప్రాజెక్టే ఫెయిలైనట్టు కనిపిస్తుందయ్యా అన్నారు. సార్ మాటని మొదట కొట్టిపారేశాను గానీ, సిమ్యులేషన్ నేర్పేవాళ్ళలోనే దీని మీద పాత వాదం ఉందని తర్వాత తెలిసింది. బొమ్మ చనిపోతే నేర్చుకునేవాడు తననే తప్పుపట్టుకుని ముడుచుకుపోతాడని కొందరు, చనిపోకపోతే అబద్ధం నేర్పినట్టని కొందరు. చివరికి రెండు మోడ్‌లు పెట్టాం. ఒకటి 'లెర్నింగ్', ఇంకోటి 'నైట్ డ్యూటీ'.

ఫైనల్ రివ్యూలో ప్యానెల్‌లో ఒక సార్ ఉత్సాహంగా లేచి, నేను చేస్తా ఇవ్వండి అన్నారు. పొరపాటున నైట్ డ్యూటీ మోడ్‌లో ఉంది. స్పీకర్లో మా హాస్టల్ ఆరుగురం అరుస్తున్నాం. సార్ చేతులు సగం పైకెత్తి అలాగే నిలబడిపోయారు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. 31 సెకన్లు, లాగ్‌లో ఉంది. హెడ్‌సెట్ తీసి, "ఏం చెయ్యాలో చెప్పలేదుగా?" అన్నారు. "చెప్పదు సార్" అన్నాను. మార్కులు బాగానే వేశారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం అక్క వాళ్ళ హాస్టల్‌కి పలకతో సహా మోసుకెళ్ళాను. బస్సు కండక్టర్ పలకకి లగేజీ టికెట్ కొట్టాడు. తన బ్యాచ్‌వాళ్ళు, జూనియర్లు కలిపి ఏడుగురు చేశారు. ఏడుగురితో ఏదీ రుజువు కాదు, అది నాకూ తెలుసు. మొదటిసారి నలుగురు 10 సెకన్లు దాటి నిలబడిపోయారు, వాళ్ళలో ఒకమ్మాయి గోల్డ్ మెడలిస్టట. కానీ నేను చూసింది టైమింగులు కాదు. ఒక్కొక్కళ్ళు హెడ్‌సెట్ తియ్యగానే అక్క వాళ్ళని వరండాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అప్పుడు ఏం అనిపించింది, ముందు ఏది కనిపించింది, ఎవరిని పిలవాలనిపించింది అని నెమ్మదిగా అడిగింది. లోపల మూడు నిమిషాలైతే బయట ఇరవై నిమిషాలు. మా ప్రాజెక్టులో లేనిది అదే అని అర్థమైంది. దాన్ని కోడ్‌లో రాయడం కుదరదు, పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఎప్పుడో ఒకసారి నిలబడిపోయినవాడై ఉంటే ఇంకా మంచిది. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కొత్త సిలబస్‌తో స్కిల్ ల్యాబులు తప్పనిసరయ్యాయి, మంచిదే. అక్కడ కూర్చుని ఇలా మాట్లాడే తీరిక ఎవరికి ఇస్తారన్నదే నా అనుమానం.

అందరూ అయ్యాక అక్క చేసింది. స్టూలు అడిగింది. మేం నైట్ డ్యూటీలో మంచం ఎత్తు ఫిక్స్ చేసేశాం కాబట్టి ప్లాస్టిక్ స్టూలు నిజంగానే తెచ్చి వేశాను. మొదటిసారి 9 సెకన్లు. మళ్ళీ చేసింది. ఐదోసారికి 3. లాగ్ ఫైల్ తెరిచి చూపించాను. పైనుంచి కిందికి అన్నీ చూసింది.

"ఆ రోజుది ఇందులో ఉండదుగా" అంది.

లేదు అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు. తనే స్టూలు మడిచి... మడిచేది కాదది, పక్కకి జరిపి, టీ తాగుదాం పద అంది.

ఈ ఏడాది జూనియర్లలో ఎవరైనా దీన్ని ముందుకి తీసుకెళ్తామంటే, కోడ్ డిపార్ట్‌మెంట్ డ్రైవ్‌లో ఉంది, స్ప్రింగు పలక మెకానికల్ ల్యాబ్‌లో కుడిచేతి వైపు ర్యాక్ కింద. దయచేసి టైమర్ తీసెయ్యకండి, టిక్కులు పెట్టకండి. మిగిలిన పని ఒకటుంది. ఐదోసారి చేస్తున్నప్పుడు పేషెంట్ పోయాడు, టైమర్ ఆగింది, అక్క ఆగలేదు. నొక్కుతూనే ఉంది. "ఎప్పుడు ఆపాలో ఇందులో ఎవరు చెప్తారు?" అని అడిగింది. మేం అది రాయలేదు. ఆపాక బయటికెళ్ళి చెప్పాలి కదా, అది కూడా రాయలేదు. సీన్‌లో ఒక తలుపు మాత్రం పెట్టాం. దాని అవతల కొడుకు అడుగుతుంటాడు, "ఎలా ఉంది డాక్టర్ గారూ?" అని. ఆ గొంతు నాదే. తలుపు ఇంకా తెరుచుకోదు.